ముసురు తర్వాత బండిలో తడి, రాత్రిపూట లాక్ దానంతటదే పడుతోంది, పొద్దునకి బ్యాటరీ డౌన్

గడియారం_సెంటర్ | నల్గొండ | ఆగస్టు 9, ఉదయం

అందరికీ నమస్తే. నాది 2016 మోడల్ పెట్రోల్ చిన్న కారు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంటి ముందు వేపచెట్టు కింద పెడతాను, పైన రేకులేమీ లేవు. పోయిన వారం మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు డోర్ తీస్తే ఎడమవైపు ముందు సీటు దగ్గర కాళ్ల కింద మ్యాట్ తడిగా ఉంది. గొడుగు పెట్టిన తడేమో అనుకుని తుడిచి వదిలేశాను.

ఆ రాత్రి రెండు గంటలప్పుడు బయట టక్ టక్ అని చప్పుడు. ఎవరో బండి తీస్తున్నారని నేనూ మా ఆవిడా బయటికి ఉరికాం. ఎవరూ లేరు. నాలుగు డోర్ల లాక్ దానంతటదే పడుతోంది, లేస్తోంది. తాళం ఇంట్లో మేకుకే వేలాడుతోంది. ఐదు నిమిషాలకు ఆగింది. పొద్దున సెల్ఫ్ కొడితే టిక్కుమనడం తప్ప ఇంజన్ తిరగలేదు. పక్కింటాయన బండి నుంచి కేబుళ్లు వేసి స్టార్ట్ చేశాం. అప్పటి నుంచి ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు, ఎడమ ఇండికేటర్ రెండింతల వేగంతో కొట్టుకుంటోంది.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టారు. యు0140 అనే ఎర్రర్ కోడ్ వచ్చింది. లాకులు, ఇండికేటర్లు నడిపే బాడీ కంట్రోల్ బాక్సు పోయింది, కొత్తది వేసి ప్రోగ్రామింగ్ చేస్తే 27 వేలు అన్నారు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే "వానాకాలం సార్, మామూలే" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. అమ్మను నెలకోసారి కంటి చెకప్‌కు హైదరాబాద్ తీసుకెళ్లాలి. నార్కట్‌పల్లి దాటాక చీకట్లో బండి ఆగిపోతే పరిస్థితి ఏంటని ఒకటే టెన్షన్. 27 వేలు పెట్టేయాలా, ముందు చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

పాలమూరు_వైరింగ్ | మహబూబ్‌నగర్ | ఆగస్టు 9, మధ్యాహ్నం

అన్నా, నేను 22 ఏళ్లుగా కార్ల వైరింగ్ పనే చేస్తున్నాను. డబ్బు సంగతి తర్వాత, ముందు వెళ్లి బ్యాటరీ మైనస్ ఊడదీసి పక్కన పెట్టండి. ఊరికే తడిసిన రాగికి అయ్యే నష్టం తక్కువ. తడి ఉన్నచోట కరెంటు కూడా నిలబడి ఉంటే పచ్చటి చిలుము చాలా తొందరగా పడుతుంది, పిన్ను తినుకుపోతుంది. బ్యాటరీ తీసేటప్పుడు తాళం బయట మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక బాక్సు విషయం. యు0140 అంటే "బాడీ కంట్రోల్ బాక్సుతో నాకు మాట కలవడం లేదు" అని మిగతా బాక్సులు చెప్పడం. బాక్సు చచ్చిపోయిందని దాని అర్థం కాదు. దానికి వెళ్లే కప్లర్‌లో, అంటే తీగలను బాక్సుకు కలిపే ప్లగ్గులో, ఒక్క పిన్నుకు చిలుము పట్టినా అదే కోడ్ వస్తుంది, అర్తింగ్ వదులైనా వస్తుంది, బ్యాటరీ బాగా డౌన్ అయి ఓల్టేజీ పడిపోయినా వస్తుంది. మీ బండికి ఆ రోజు బ్యాటరీ డౌన్ అయిందని మీరే రాశారు. ఫుల్ ఛార్జి చేసి, కోడ్‌లన్నీ చెరిపేసి, మళ్లీ ఏది తిరిగొస్తుందో చూడకుండా బాక్సు మార్చమనడం తొందరపాటు.

ఇంకో మాట. నీళ్ల దారి మూయకుండా కొత్త బాక్సు బిగిస్తే వచ్చే ముసురుకు అదీ తడుస్తుంది. నా షెడ్డుకు అలా రెండు బాక్సులు మార్పించుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. కాబట్టి నాకు కొన్ని చెప్పండి. తడి వానకే వస్తోందా, ఏసీ వేసినప్పుడా, బండి కడిగినప్పుడా? నీళ్లకు తియ్యటి వాసన, జిగురు ఉన్నాయా? ఉంటే అది రేడియేటర్ కూలెంట్, డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ నుంచి కారుతున్నట్టు. బండికి తర్వాత బిగించినవి ఏమున్నాయి?

నల్లమల_సవారి | అచ్చంపేట | ఆగస్టు 9, సాయంత్రం

నేను క్యాబ్ నడుపుతాను, ఎక్కువగా మన్ననూరు మీదుగా శ్రీశైలం ట్రిప్పులు. ఘాట్‌లో వాన పడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నా బండిలో ఇలాంటి తడే వస్తే నాలుగు డోర్లూ తీసి ఒక రోజంతా ఎండలో పెట్టాను, డ్యాష్‌బోర్డు కింద హెయిర్ డ్రయ్యర్ పట్టాను. అంతా మామూలైంది. మీరూ అలా చేసి చూడండి, ఖర్చు లేని పని.

పాలమూరు_వైరింగ్ | ఆగస్టు 9, రాత్రి

సవారి అన్నా, మీ బండి అదృష్టం బాగుంది. అందరికీ అలా కాదు కాబట్టి నేను దీనికి అడ్డం చెప్పాల్సిందే. పైన కనిపించే మ్యాటింగ్ ఎండితే పని అయిపోయినట్టు కాదు. దాని కింద రెండు వేళ్ల మందం నురగ పరుపు ఉంటుంది. పైన చేయి పెడితే పొడిగా తగులుతుంది, కింద పరుపు నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. సీటు విప్పి, మ్యాటింగ్ లేపి, ఆ పరుపు బయటికి తీసి ఆరబెడితేనే ఎండినట్టు. లేకపోతే ఎండ కొట్టిన కొద్దీ ఆ తడి ఆవిరై పైకి లేచి చల్లటి రాత్రి బాక్సు లోపల చెమటలా పడుతుంది. పగలంతా బాగుండి రాత్రి లాక్ కొట్టుకోవడానికి అదీ ఒక కారణం.

హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి దగ్గరగా పడితే కప్లర్ల ప్లాస్టిక్ వంగే ప్రమాదం ఉంది. చల్లగాలి మీద పెట్టండి, లేదా మామూలు టేబుల్ ఫ్యాన్ ఒక రాత్రంతా పెట్టండి.

వనపర్తి_టీచర్ | వనపర్తి | ఆగస్టు 10

మా బండిలో పోయిన ఎండాకాలం సరిగ్గా అదే చోట తడి వచ్చింది, వాన చుక్క లేకుండా. ఏసీ నీళ్లు కింద రోడ్డు మీద పడాలి కదా, పడటం లేదని నేను గమనించలేదు. ఆ నీళ్లు బయటికి పోయే సన్నటి రబ్బరు గొట్టం చివర కందిరీగ మట్టితో గూడు కట్టింది. నీళ్లు వెనక్కి తన్ని లోపల మ్యాట్ మీదికి దిగాయి. సన్నటి పుల్లతో ఆ మట్టి తీయగానే దాదాపు లీటరు నీళ్లు ఒక్కసారిగా పడ్డాయి.

మీరు కూడా ఒకసారి చూసుకోండి. ఏసీ 20 నిమిషాలు వేసి, బండి కింద కాగితం పరిస్తే తెలిసిపోతుంది. చుక్కలు పడుతుంటే ఆ గొట్టం బాగున్నట్టే.

గడియారం_సెంటర్ | ఆగస్టు 11

అందరికీ చాలా థాంక్స్. నిన్న ఆదివారం మొత్తం దీనికే పెట్టాను. టీచర్ గారు చెప్పినట్టు ముందు ఏసీ చూశాను. కింద చుక్కలు బాగానే పడుతున్నాయి, కాబట్టి అది కాదు. నీళ్లకు వాసన లేదు, జిగురు లేదు. కడగడం అంటారా, బకెట్, గుడ్డ పెట్టి తుడవడమే తప్ప పైనుంచి పైపు పెట్టను. కాబట్టి వానకే.

సీటుకు నాలుగు బోల్టులు. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ పసుపు కప్లర్ చూసి భయపడి దాన్ని ముట్టుకోకుండా సీటును వెనక్కి వాల్చి మ్యాటింగ్ లేపాను. పాలమూరు అన్న చెప్పిన పరుపు చేత్తో పిండితే వేళ్ల సందుల్లోంచి నల్లటి నీళ్లు కారాయి. బకెట్‌లోకి పిండితే అర బకెట్ వచ్చాయి. పైన మ్యాట్ మాత్రం పొడిగా ఉంది!

ఎడమ కాలి పక్కన ఉండే ప్లాస్టిక్ కవర్ ఊడదీస్తే అక్కడ ఫ్యూజు బాక్సు, దాని వెనకే బాడీ కంట్రోల్ బాక్సు. బాక్సు మీద తడి లేదు. దాని కింది వరుసలో తెల్ల కప్లర్ లాగితే రెండు పిన్నులు పచ్చగా, పిండిలా రాలుతున్నాయి. పక్క పిన్నులు బంగారంలా మెరుస్తున్నాయి. తర్వాత బిగించినది ఒక్కటే, మూడేళ్ల కింద వేయించిన మ్యూజిక్ సిస్టం, దాని ఆంప్లిఫయర్. ఆ ఆంప్లిఫయర్ ఎడమ సీటు కిందే ఉంది.

పాలమూరు_వైరింగ్ | ఆగస్టు 11

చాలా మంచి పని చేశారన్నా. పసుపు కప్లర్ ముట్టుకోకపోవడం ఇంకా మంచి పని. ఆ చిలుము మీద తెల్లటి పొర ఏమైనా ఉందా? నల్గొండ వైపు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, బకెట్‌లో ఎండితే సున్నం కొట్టినట్టు మరక మిగులుతుంది కదా. కడిగిన నీళ్లు దిగిన కప్లర్లలో ఆ తెల్ల పొర నాకు కనిపిస్తుంటుంది, ఆ ఉప్పు పొర గాలిలో తేమ పీల్చుకుని ఎండాకాలంలో కూడా తడి చేస్తుంది. ఒట్టి వాన నీళ్లయితే పచ్చ ఒక్కటే.

గడియారం_సెంటర్ | ఆగస్టు 11

తెల్ల పొర లేదన్నా. పచ్చ ఒక్కటే.

ఆమ్‌మీటర్ | జడ్చర్ల | ఆగస్టు 11, రాత్రి

నేను ఎలక్ట్రానిక్స్ చెబుతాను. కంటికి కనిపించినవి చూశారు కాబట్టి ఇప్పుడు లెక్క చూద్దాం. బ్యాటరీని రాత్రిపూట ఎవరు తాగుతున్నారో మల్టీమీటర్ చెబుతుంది.

మీటర్ ఎర్ర తీగను 10 యాంపియర్ల రంధ్రంలో పెట్టండి. బ్యాటరీ మైనస్ విప్పి, ఆ కేబుల్‌కూ బ్యాటరీ మైనస్ గూటానికీ మధ్య మీటర్ కలపండి. మీటర్ ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, హెడ్‌లైట్లు వేయకూడదు. మీటర్ లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. డోర్లు మూసి, లాక్ చేసి, 40 నిమిషాలు బండిని ముట్టుకోకండి. ఈ తొందరలోనే అందరూ తప్పు చేస్తారు. బాక్సులన్నీ నిద్రపోవడానికి టైం కావాలి. కలిపిన వెంటనే రెండు మూడు యాంపియర్లు కనిపిస్తే కంగారు పడొద్దు. నిద్రపోయాక 20 నుంచి 50 మిల్లీ యాంపియర్లు మామూలు.

అంతకు మించి ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడమని చెబుతారు. అలా పీకి మళ్లీ పెట్టగానే బాక్సులు నిద్రలేస్తాయి, లెక్క చెడుతుంది. దానికి బదులు మీటర్‌ను ఓల్టేజీ మీద పెట్టి, ఫ్యూజు నెత్తిమీద కనిపించే రెండు లోహపు చుక్కలకు రెండు మొనలు ఆనించండి. కరెంటు పోని ఫ్యూజు సున్నా చూపిస్తుంది. పోతున్న ఫ్యూజు ఒకటో అరో మిల్లీవోల్టు చూపిస్తుంది. దొంగ ఆ లైన్లోనే ఉంటాడు.

గడియారం_సెంటర్ | ఆగస్టు 12

బ్యాటరీ షాపులో ఒక రాత్రి ఛార్జింగ్ పెట్టించి తెచ్చి చూశాను. 40 నిమిషాల తర్వాత మీటర్‌లో 0.41. అంటే 410 మిల్లీ యాంపియర్లు కదా? ఫ్యూజుల మీద ఒక్కొక్కటే పెట్టి చూశాను. లోపలి బాక్సులో ఒక్కదాంట్లో చిన్నగా కదిలింది, మిగతావన్నీ సున్నా. బానెట్ కింది బాక్సులో కూడా సున్నా. మరి 410 ఎటు పోతోంది? రెండుసార్లు చూశాను, పొరపాటు లేదు.

ఆమ్‌మీటర్ | ఆగస్టు 12

ఫ్యూజు బాక్సులో కనిపించకపోతే ఆ కరెంటు ఫ్యూజు బాక్సు గుండా పోవడం లేదన్నమాట. ఆంప్లిఫయర్‌కు ఎర్ర లావు తీగ నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచి వస్తుంది, దానికి బ్యాటరీ దగ్గరే విడిగా ఒక ఫ్యూజు ఉంటుంది. అది తీసి చూడండి.

ఇంకొక లెక్క కూడా ఉంది. మీది బహుశా 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ. 0.41 చొప్పున పది గంటలకు 4 యాంపియర్ అవర్లే ఖర్చవుతుంది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ దానికి పడుకోదు. లాక్ మోటార్లు కొట్టుకోవడం కొంత లాగి ఉంటుంది, కానీ బ్యాటరీ కూడా బలహీనంగా ఉందని నా అనుమానం. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మీద ఓల్టేజీ ఎంతకు పడుతుందో చూడండి. 10కి పైన ఉంటే మంచిది. 9.6 కంటే దిగితే అది పోయే బ్యాటరీ.

గడియారం_సెంటర్ | ఆగస్టు 12, రాత్రి

ఆంప్లిఫయర్ ఫ్యూజు తీయగానే 0.41 కాస్తా 0.06కు పడింది! పాటలు ఆపేసి, తాళం తీసేసి ఉన్న బండిలో ఆంప్లిఫయర్ ఎందుకు పనిచేస్తోంది? సెల్ఫ్ కొడితే బ్యాటరీ 9.1కి పడుతోంది. నాలుగేళ్లు దాటింది లెండి.

ఆమ్‌మీటర్ | ఆగస్టు 13

ఆంప్లిఫయర్ మీద మూడు స్క్రూలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి నేరుగా వచ్చే ప్లస్, ఒకటి అర్తింగ్, ఇంకొకటి "లే, పని చెయ్" అని మ్యూజిక్ సిస్టం నుంచి వచ్చే సన్న తీగ. ఆ సన్న తీగలో ఓల్టేజీ వస్తేనే ఆంప్లిఫయర్ నిద్రలేస్తుంది. తడిసిన పరుపు మీద కూర్చున్న ఆంప్లిఫయర్‌కు ఆ స్క్రూల మధ్య తడి వంతెనలా నిలిస్తే, ప్లస్ నుంచి కొద్దిపాటి ఓల్టేజీ సన్న తీగ స్క్రూకు పాకుతుంది. దానికి లేవడానికి అది చాలు. మీటర్‌తో చూడండి, మ్యూజిక్ సిస్టం ఆపి ఉన్నా ఆ స్క్రూ మీద ఎంతో కొంత ఓల్టేజీ కనిపిస్తుంది.

పాలమూరు_వైరింగ్ | ఆగస్టు 13

సార్ చెప్పింది అక్షరాలా నిజం. ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. ఆ ఎర్ర లావు తీగ బానెట్‌లోంచి లోపలికి ఎక్కడ దూరింది?

రేపు నీళ్లు పోసి చూడండి. పై నుంచి మొదలుపెట్టకండి, పైన పోస్తే నీళ్లు అన్ని సందుల్లోకీ దిగి ఏది కారుతోందో తెలియదు. ముందు డోర్ కింది అంచు, తర్వాత డోర్ అద్దం, తర్వాత ముందు అద్దం అంచు, చివరికి వైపర్ల కింది ప్లాస్టిక్ జాలీ. ఒక్కోచోట ఐదు నిమిషాలైనా పోయాలి. ప్రెషర్ పైపు వద్దు, అది బాగున్న రబ్బరును కూడా దాటిపోతుంది. లోపల కవర్లు విప్పిన చోట పొడి ముగ్గుపిండి పలుచగా చల్లండి. నీళ్లు ఎటు పాకితే అటు పిండి నల్లబడి గీత పడుతుంది. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి. బ్యాటరీ ఎలాగూ ఊడదీసి ఉండాలి.

మిర్యాల_మిల్లు | మిర్యాలగూడ | ఆగస్టు 13

ఎలుకల సంగతి కూడా చూడండి. మా మిల్లు దగ్గర పెట్టిన బండ్లన్నిటికీ ఇదే బాధ. వడ్లు ఉన్నచోట ఎలుకలు తప్పవు. ఒకసారి వైరింగ్ పోయే రబ్బరు తొడుగును కొరికి దారి చేసుకుని లోపలికి వచ్చాయి, ఆ దారిలోనే వాన నీళ్లూ వచ్చాయి. బానెట్ లోపల వడ్ల పొట్టు, రెట్టలు కనిపిస్తే ముందు తీగల తొడుగులు చూసుకోవాలి.

గడియారం_సెంటర్ | ఆగస్టు 15

ఎలుకల ఆనవాళ్లు లేవు మిల్లు అన్నా. సెలవు కదా, ఈ పూట మా పాపను లోపల కూర్చోబెట్టి, చేతికి టార్చి ఇచ్చి, నేను మగ్గుతో పోయడం మొదలుపెట్టాను. డోర్ కింద, ఏమీ లేదు. అద్దం పక్కన, ఏమీ లేదు. ముందు అద్దం అంచున పది నిమిషాలు పోశాను. ముగ్గుపిండి తెల్లగానే ఉందంది.

వైపర్ జాలీ మీద పోసేటప్పుడు మొదటి నాలుగు మగ్గులకు కూడా ఏమీ లేదు. ఐదో మగ్గుకు జాలీ సందుల్లోంచి నీళ్లు కిందికి దిగకుండా పైకి తేలడం కనిపించింది. వేపాకులు, పుల్లలు, వేపపూత అంతా కలిసి చిత్తడిగా గడ్డకట్టి నీళ్లు పోయే రంధ్రాన్ని మూసేసింది. తొట్టిలా నిండింది. అంతలో పాప లోపల్నుంచి "నాన్నా, ఎర్ర వైరు మీద చుక్క నడుస్తోంది" అని అరిచింది.

నేను వెళ్లి చూశాను. బానెట్ గోడకు ఉన్న రంధ్రంలోంచి ఎర్ర తీగ లోపలికి వస్తోంది. రంధ్రం తీగకంటే పెద్దది, చుట్టూ రబ్బరు లేదు, ఎప్పుడో చుట్టిన నల్ల టేపు ఎండి ఊడి వేలాడుతోంది. తీగ అడుగున ఒక చుక్క మెరుస్తూ మెల్లగా జారింది. తీగ మలుపు తిరిగిన చోట, సరిగ్గా ఆ తెల్ల కప్లర్ పైన, ఆగింది, బరువెక్కింది, రాలింది. దాని వెనకే ఇంకొకటి. కప్లర్ మీదుగా కిందికి, అక్కడి నుంచి ముగ్గుపిండి మీద నల్లటి గీత సీటు కిందికి, ఆంప్లిఫయర్ దాకా. ఆ గీత పక్కనే పసుపు కప్లర్.

లాక్, ఇండికేటర్, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్ లైటు, అన్నీ ఆ ఒక్క గీత మీదే ఉన్నాయి. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

పాలమూరు_వైరింగ్ | ఆగస్టు 15

పాపకు నా తరఫున ఒక చాక్లెట్ ఇప్పించండి, పెద్ద పని చేసింది.

ఇప్పుడు చేయాల్సింది వరసగా రాస్తున్నాను. జాలీ విప్పి ఆకుల గడ్డ మొత్తం చేత్తో తీయండి. నీళ్లు పోస్తే రెండువైపులా టైర్ల వెనక నుంచి గలగలా కారాలి. ఎర్ర తీగ పూర్తిగా బయటికి లాగి, రంధ్రానికి సరిపోయే రబ్బరు గ్రామెట్ (తీగ చుట్టూ రంధ్రాన్ని మూసే రబ్బరు బిళ్ల) వేసి, అంచున సీలెంట్ రాసి మళ్లీ దూర్చండి. సిలికాన్ గన్‌తో ఊరికే పూసి వదిలేయడం వద్దు, ఇంజన్ అదురుకు ఒక ఏడాదిలో ఊడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తీగ లోపలికి దూరే ముందు బయటే కిందికి ఒక వంపు తిప్పి, ఆ వంపు నుంచి పైకి వచ్చి రంధ్రంలో దూరాలి. నీళ్లు తీగ వెంట వచ్చినా ఆ వంపు అడుగున రాలిపోతాయి, పైకి ఎక్కలేవు. ఇంటికి వచ్చే సర్వీసు వైరుకు లైన్‌మెన్ వంపు వదిలేది కూడా ఇందుకే. మ్యూజిక్ సిస్టం బిగించేవాళ్లు ఈ ఒక్క వంపు ఇస్తే నా దగ్గరికి వచ్చే బండ్లు సగం తగ్గుతాయి.

కప్లర్‌కు: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి టూత్‌బ్రష్. ఆరాక కాంటాక్ట్ క్లీనర్. పిన్ను సన్నబడి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, ఆ పిన్ను మార్చాలి. గీకే కాగితం పెట్టకండి, పై పూత పోయి ఇంకా తొందరగా చిలుము పడుతుంది. తుప్పుకు కొట్టే నూనె స్ప్రే కూడా ఇక్కడ పనికిరాదు, దుమ్ము పట్టి గడ్డ కడుతుంది. పచ్చ పిన్నుల తీగలను ఒక అంగుళం దూరంలో తొడుగు కోసి చూడండి. రాగి ఎర్రగా ఉంటే సరే. నల్లబడి ఉంటే దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు నీళ్లు తీగ లోపలికి ఎక్కినట్టే, ఎర్ర రాగి వచ్చేదాకా కోసి కొత్త ముక్క సోల్డరింగ్ చేయాలి.

ఎయిర్‌బ్యాగ్ పసుపు కప్లర్ మాత్రం మీరు తెరవొద్దు. అక్కడ మల్టీమీటర్ అస్సలు పెట్టొద్దు, మీటర్ ఇచ్చే చిన్న కరెంటుకే అది పేలే ప్రమాదం ఉంది. ఎయిర్‌బ్యాగ్ స్కానర్ ఉన్నవాళ్లతోనే చేయించండి.

మూసీ_కట్ట | సూర్యాపేట | ఆగస్టు 16

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో కోదాడ, సూర్యాపేట వైపు వచ్చిన వరద గుర్తుంది కదా. ఆ తర్వాత నేను ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. వానలో తిరగలేదన్నారు. ఇప్పుడు ఒక రోజు ఏబీఎస్ (బ్రేకుల) లైటు, ఒక రోజు స్టీరింగ్ లైటు, ఒక రోజు ఏమీ ఉండదు. స్కానర్ ఒక్కోసారి బండితో కలవదు. ఇది కూడా ఇలాంటిదేనా?

ఆమ్‌మీటర్ | ఆగస్టు 16

మీది దీనికంటే బరువైన కేసు. పైనుంచి కారిన వాన నీళ్లు ఒక గీత గీసి పోతాయి. వరద నీళ్లు మట్టి, మురుగు కలుపుకుని ప్రతి కప్లర్ లోపలికీ ఒకేసారి దూరతాయి.

ముందు అది వరద బండేనా చూసుకోండి. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి అడుగు మీద మట్టి చార ఉందా? సీటు కింది రైలు స్క్రూలకు తుప్పు, డ్యాష్‌బోర్డు వెనక గోడకు ఒకే ఎత్తున ఆరిన బురద గీత, స్పేర్ టైర్ గుంటలో ఒండ్రు. బయట ఎంత పాలిష్ పెట్టినా అమ్మేవాళ్లు ఇవి తుడవరు.

తర్వాత ఒక కొలత. చాలా బండ్లలో బాక్సులన్నీ మాట్లాడుకోవడానికి రెండు తీగలు మెలిపెట్టి ఉంటాయి, ఆ లైన్‌కు రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ తీసేసి, స్టీరింగ్ కింది స్కానర్ సాకెట్‌లో 6వ పిన్నుకూ 14వ పిన్నుకూ మధ్య కొలవండి. 60 ఓమ్‌ల దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గర వస్తే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి. 60కీ సున్నాకీ మధ్య ఎక్కడో ఊగుతుంటే ఏదో కప్లర్‌లో తడి ఉండొచ్చు. అన్ని బండ్లలో సాకెట్ దాకా ఆ లైన్ నేరుగా రాదు కాబట్టి కొలత తేడా వస్తే బండి వైరింగ్ డయాగ్రం చూసుకోవాలి.

మూసీ_కట్ట | ఆగస్టు 17

బెల్టు లాగాను. ఆఖరి జానెడు మట్టి రంగులో ఉంది. 38 ఓమ్‌లు చూపిస్తోంది. విడిగా కొత్త చర్చ పెడతాను, దయచేసి అక్కడ సాయం చేయండి.

నల్లమల_సవారి | ఆగస్టు 17

ఇన్సూరెన్స్ వస్తుందా ఇలాంటి వాటికి?

వనపర్తి_టీచర్ | ఆగస్టు 17

మా వారు పాలసీ కాగితం చదివి చెప్పారు. వరద, తుపాను వంటివి రాసి ఉన్నాయి. అరుగుదల, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ రావని కూడా రాసి ఉంది. ఆకులు అడ్డం పడి కారిన నీళ్లకు వస్తుందని ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. వరదలో మునిగిన బండికి అడగొచ్చు, కానీ మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా టో చేయించాలి.

గడియారం_సెంటర్ | ఆగస్టు 24

ఆలస్యానికి క్షమించండి. పని పూర్తయింది. మా ఊళ్లోనే ఒక వైరింగ్ మేస్త్రీ దొరికారు, ఈ చర్చ మొత్తం ఫోన్‌లో చదివించి మొదలుపెట్టాను. ఆయన ఒక్క మాట అనకుండా అంతా చదివి, కప్లర్ చేతిలోకి తీసుకున్నారు.

రెండు పిన్నులు మార్చారు. ఒకటి లాక్ మోటార్లది, ఒకటి ఎడమ ఇండికేటర్‌ది. లాక్ తీగ తొడుగు కోస్తే రెండు అంగుళాలు నల్లగా ఉంది, ఎర్ర రాగి వచ్చేదాకా కోసి అతికారు. గ్రామెట్ 40 రూపాయలు, కాంటాక్ట్ క్లీనర్ 350, కూలి 1,500. ఎర్ర తీగకు వంపు ఇచ్చారు. ఆంప్లిఫయర్‌ను నేల మీద నుంచి లేపి ఒక చెక్క మీద బిగించారు. బ్యాటరీ కొత్తది 4,300. పసుపు కప్లర్ పని వేరే చోట ఎయిర్‌బ్యాగ్ స్కానర్ ఉన్నవాళ్ల దగ్గర చేయించి కోడ్ చెరిపించాను, 600. పరుపు మాత్రం ఐదు రోజులు డాబా మీద ఎండింది, తిప్పి తిప్పి వేశాం. మొత్తం 6,790.

పాత బాక్సే ఉంది. యు0140 చెరిపేశాక మళ్లీ రాలేదు. రాత్రి కొలిస్తే 22 మిల్లీ యాంపియర్లు.

పాలమూరు_వైరింగ్ | ఆగస్టు 24

సంతోషం అన్నా. ఇంకా ఒకటి మిగిలింది. మంచి వాన పడిన తర్వాత ఒకసారి కవర్ తీసి చూసి ఇక్కడ రాయండి. అప్పటిదాకా ఆ ప్లాస్టిక్ కవర్ స్క్రూలు బిగించకండి, అక్కడ ఒక పాత పేపరు ముక్క మడిచి పెట్టండి.

వనపర్తి_టీచర్ | ఆగస్టు 26

ఇది చదివి మా బండి జాలీ కూడా విప్పించాను. మాది కానుగ చెట్టు. రెండు దోసిళ్ల ఆకులు, ఒక పిచ్చుక గూడు గడ్డి వచ్చాయి. రంధ్రం మూసుకుపోయే ఉంది, నీళ్లు ఇంకా లోపలికి దారి వెతుక్కోలేదు అంతే.

గడియారం_సెంటర్ | సెప్టెంబర్ 3

నిన్న సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా ఆగకుండా కురిసింది. పొద్దున ఆరింటికి టార్చి పట్టుకుని వెళ్లాను. బానెట్ లోపల ఎర్ర తీగ వంపు అడుగున ఒక చుక్క వేలాడుతోంది. లోపల పేపరు ముక్క పెట్టినట్టే ఉంది, వేలితో నొక్కితే గరగరలాడింది. సెల్ఫ్ ఒక్క దెబ్బకు అందుకుంది. ఎల్లుండి అమ్మను తీసుకుని హైదరాబాద్ వెళ్తున్నాం.